దొరికిన ఎపిసోడ్‌లో అమ్మ

సముద్రాల అవతల డనీడిన్‌లో చెల్లి ఇంట కులాసాగా ఉన్న అమ్మకు, బ్యాట్లీ నుంచి నీ పెద్దకూతురు బెవర్లీ ముద్దులతో రాసేది. ఇక్కడ నేను, క్లైవ్, పిల్లి ముగ్గురం క్షేమం. అక్కడ లోర్నా, అల్లుడు, మనవలు, నీ కొత్త పళ్లసెట్టు అందరూ క్షేమమని తలుస్తాను.

ఫోన్ చేయొచ్చుగా అని లోర్నా సణుగుతుంది. ఫోన్లో నువ్వు సగం వినవు, విన్న సగం ఒప్పుకోవు. అక్షరాలు వంకరపోతే అది సంతోషం వల్లే అనుకో. అమ్మా, దొరికింది! ‘ఒక గది ఖాళీ’ సీరియల్లో పోయిందనుకున్న నీ ఎపిసోడ్ దొరికింది!

ఆగు, లేచి నిలబడకు, తుంటి ఎముక జాగ్రత్త. ముందు నువ్వడిగినవాటికి జవాబులు చెప్పకపోతే తిరుగు టపాలో వాయించేస్తావు. క్లైవ్ మోకాలు నయం, మెట్లెక్కేటప్పుడు మూలగడం మాత్రం సానుభూతి కోసం. నువ్వు నాటిన గులాబీ బతికే ఉంది. మేం మళ్లీ తీసేదాంట్లో “నా వేషం ఏ బక్కపల్చని పిల్లకిచ్చారు?” అన్నావు. నాకిచ్చారమ్మా. బక్కపల్చని అన్న మాట వెనక్కి తీసుకో. “నేను రాసి పంపిన మాటలు పొల్లుపోకుండా చెబుతున్నారా?” అన్నావే, దానికి జవాబు చివర్లో చెబుతాను. కాగితం తిప్పి ముందే చూడకు.

ఈ ఉత్తరం మనవలకు చదివి వినిపిస్తావని తెలుసు కాబట్టి మొదట్నుంచీ చెబుతాను. పిల్లలూ, మీ అమ్మమ్మ పెళ్లికి ముందు టీవీ నటి. స్కార్‌బరోలో ఒక సముద్రపుటొడ్డు లాడ్జింగు, దాని గయ్యాళి యజమానురాలు, పిసినారి అతిథులు, ఇదీ ఆ హాస్య ధారావాహిక. అమ్మమ్మది ట్రే మోసుకొచ్చే పనిమనిషి వేషం, ఒక్క మాటా ఉండదు. ఒకసారి యజమానురాలి వేషం వేసేవిడకు రికార్డింగు రోజే జ్వరం వచ్చింది. దాంతో ఆఖరి సీను అప్పటికప్పుడు మార్చి మీ అమ్మమ్మ చేతిలో పెట్టారు. స్టూడియోలో జనం నవ్వి నవ్వి కుర్చీల్లోంచి జారిపోయారట. ఆ తర్వాత ఛానెల్ వాళ్లు టేపులు తుడిచేసి వాటి మీద ఇంకేవో రికార్డు చేసుకున్నారు. ఆ రోజుల్లో అందరూ చేసిన పనే అది. అలా ఆ నవ్వు కూడా తుడుచుకుపోయింది.

మా గోర్డన్ హెప్‌వర్త్ నీకు తెలుసుగా, బస్సుల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరై ఇప్పుడు మా నాటక సంఘాన్ని కూడా బస్సులాగే నడుపుతున్నాడు. పోయిన ఎపిసోడ్లను మిగిలిన స్క్రిప్టులు పట్టుకుని మన చిన్న చర్చి, చాపెల్ హాల్లో మళ్లీ తీయాలన్నది ఆయన పట్టుదల. నీ సీను మాత్రం ఏ స్క్రిప్టులోనూ లేదు. ఉన్నదల్లా నీ జ్ఞాపకమే, నువ్వు పంపిన ఆ మాటలే.

వాటిని నేను చూడాల్సిన పనే లేదు, నాకు కంఠతా వచ్చు. వంటింట్లో సింకు ముందు నిలబడి, భుజాన తువ్వాలు వేసుకుని, నీళ్ల కెటిల్‌ను ట్రేలా పట్టుకుని నువ్వు ఎన్నిసార్లు చెప్పలేదు? “అయ్యలారా, అమ్మలారా, మీ దుప్పట్లు ఉతికేదాన్ని నేను. మీ గురించి నాకు తెలియనిదేదీ లేదు...” నేనూ లోర్నా బల్లకింద దొర్లి దొర్లి నవ్వేవాళ్లం.

రిహార్సల్లో నేను అదే చెప్పాను. అక్షరం మార్చలేదు. ఎవరూ నవ్వలేదు.

“అమ్మా బెవర్లీ, మీ అమ్మ చెబితే స్టూడియో కూలిపోయిందంటావు. నువ్వు చెబుతుంటే మావాళ్లు గడియారం చూస్తున్నారేంటి?” అన్నాడు గోర్డన్.

ఇంకోసారి చెప్పాను. గట్టిగా చెప్పాను, మెల్లగా చెప్పాను, నీలా కనుబొమ్మ ఎగరేసి చెప్పాను. ఎవరో మర్యాదకి దగ్గారు. కారులో కూర్చుని ఏడ్చానమ్మా. నీ ముక్కు వచ్చింది, నీ గొంతు వచ్చింది, అసలైనది మాత్రం రాలేదనిపించింది. షూటింగుకు ఇంకా వారమే ఉంది. వేషం ఇంకెవరికైనా ఇచ్చేయమని చెప్పడానికే ఆదివారం హాలుకు వెళ్లాను.

అక్కడ ఐవీ సైక్స్ ఒళ్లో రేకు డబ్బా పెట్టుకుని కూర్చుని ఉంది. చాపెల్‌లో టీ పోసే ఐవీయే. డబ్బా మీద ‘విట్ ఊరేగింపు’ అని రాసుంది. చిన్నప్పుడు విట్ పండక్కి పిల్లలు తెల్లగౌన్లు వేసుకుని చర్చి బ్యానరు పట్టుకుని నడిచేవాళ్లే, ఆ ఊరేగింపు. ముందువరసలో తనే ఉందని ఐవీ ఎప్పట్నుంచో చెబుతోంది. ప్రతి ఏడూ ఆ ఫిల్ము వేద్దామని కమిటీ కూర్చోవడం, టీ, బిస్కెట్లు అయ్యాక వచ్చే ఏడు చూద్దామని లేవడం. ఈసారి గోర్డన్ దగ్గర ప్రొజెక్టరు ఉందని తెలిసి వదల్లేదు.

మూత తీయగానే చేపలూ చిప్సూ అమ్మే కొట్టులా గుప్పున వెనిగర్ వాసన. ఫిల్ము పాడవుతోందనడానికి అదే గుర్తట. “ఒక్కసారికి తట్టుకుంటుందిలే” అంటూ గోర్డన్ తెర దించాడు.

తెర మీద ఊరేగింపు లేదు. సముద్రపుటొడ్డు లాడ్జింగు ఉంది.

“నా తెల్లగౌను ఏదర్రా? ఇదెవర్తి, ట్రే పట్టుకుని?” అని అరిచింది ఐవీ.

“మా అమ్మ!” అని నేను అంతకంటే పెద్దగా అరిచాను.

ఐవీ మరిది అప్పట్లో ఆ ఛానెల్‌కు వ్యాను తోలేవాడట. విదేశాలకు పంపడానికి టేపుల నుంచి తీసిన ఫిల్ము ప్రతులు పారేయమంటే కొన్ని ఇంటికి తెచ్చుకుని, తర్వాత చాపెల్‌కు ఇచ్చేశాడట. చాపెల్ వాళ్లు ఏ ఫిల్ము చుట్టను ఏ డబ్బాలో పెట్టారో ఆ దేవుడికే తెలియాలి. అసలు ఊరేగింపు ఇంకా దొరకలేదు. ఐవీ అలిగి నాకు టీ పోయడం మానేసింది.

అమ్మా, ఎంత చిన్నదానివి! ఆప్రాన్ అంచు పిన్నుతో పెట్టుకున్నావు. ఇక నువ్వడిగిన ఆఖరి ప్రశ్నకు జవాబు. ఎలా చెప్పాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను. నీ మనసు నొచ్చుకుంటుందేమోనని భయం. అయినా చెబుతాను.

నువ్వు ఆ మాటలు చెప్పలేదమ్మా. ఒక్కటీ చెప్పలేదు.

ట్రే పట్టుకుని వచ్చావు. నోరు తెరిచావు. మాట రాలేదు. మర్చిపోయావని నీ కళ్లే చెబుతున్నాయి. ట్రేలో కప్పులు గలగలమంటున్నాయి. నోరు మూసుకుని, బల్ల చుట్టూ ఒక్కొక్క అతిథినీ చూడటం మొదలుపెట్టావు. వాళ్లు నటులే కదా, ఏం చేయాలో తోచక ఒకాయన కప్పు కింద పెట్టేశాడు. ఒకావిడ టోపీ సర్దుకుంది. నువ్వు ఆ మూల మనిషి దగ్గరకొచ్చి ఆగావు. చూశావు. చూస్తూనే ఉన్నావు. ఆయన జేబులోంచి చెంచా తీసి నీ ట్రేలో పెట్టాడు. అప్పుడు స్టూడియోలో లేచిన నవ్వు ఫిల్మంతా గరగరమన్నా స్పష్టంగా వినపడింది. మా హాలూ అలాగే అయింది. గోర్డన్ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. గౌను కోసం ఏడుస్తున్న ఐవీ పొట్ట పట్టుకుని నవ్వింది.

నువ్వు అబద్ధం చెప్పావని కాదు. ఆ రోజంతా కూర్చుని బట్టీపట్టిన మాటలు కదా, చెప్పాననే నీకు గుర్తుండిపోయింది. జనం అంతలా నవ్వితే ఎవరికైనా అలాగే ఉంటుంది. ఆ సీను మళ్లీ తీయొద్దని గోర్డన్‌తో చెప్పేశాను, తీయలేము కూడా. ఫిల్మును భద్రంగా కాపీ చేసే నిపుణులకు ఇచ్చాం. కాపీ రాగానే పంపుతాను. నిన్ను నువ్వు చూసుకుని కోప్పడితే నామీద కోప్పడు, తెర మీది ఆ పిల్ల మీద మాత్రం వద్దు. తను భయపడుతూ కూడా పారిపోలేదు.

ఇంకొక్క మాట, ఇది నాకోసం. ఆ మాటలు దేశమంతా విన్నదని, మాకు మిగిలినవి వాళ్లు విని వదిలేసిన పాతవేనని చిన్నప్పుడు నాకు అసూయగా ఉండేది. ఎవరూ వినలేదమ్మా. అవి విని నవ్వింది ఈ ప్రపంచంలో నేనూ లోర్నా ఇద్దరమే. సాయంత్రం వంట దగ్గర దాన్ని పిలిచి ఈ సంగతి నువ్వే చెప్పు. చెప్పాక, భుజాన తువ్వాలు వేసుకుని ఇంకోసారి అను. నా వంతు నవ్వు కూడా అదే నవ్వుతుంది.

ఇట్లు,
నీ ముక్కు పుణికిపుచ్చుకున్న పెద్దకూతురు
బెవర్లీ