జామతోటల పులి

సుగుణ నాయినా,

మా అమ్మను తోల్కరానీకి పటంచెరు పోతున్న. పొద్దుగూకకముందే వస్త. రేపు జామతోటల అడివి ఆట పెట్టి బిడ్డ పుట్టినరోజు చేస్తమని వాడంత చెప్పొచ్చినవ్, పనంత నా మీద పడ్డది. జెర తోటల కంప ఏరిపియ్యి. పిల్లలకు కట్టే కుందేలు చెవులు, జింక కొమ్ములు అటుక మీదున్నయి, మేక నోట్ల పడనియ్యకు.

పులి రాదని బిడ్డకు నువ్వే చెప్పు. దూదేకే షంషేర్ అన్న పీర్లపండుగల మొక్కుకు తప్ప పులి ఏషం కట్టనన్నడు గద. పులి కావాల్నని నిన్నటిసంది ఒక్కతీరుగ ఏడుస్తుంది.

ఇగ ఒక్క మాట అడుగుత, కోపానికి రాకు. ఆయన కట్టనన్నంక గూడ రోజు మాపటికి ఆయనింటికే అని ఎటు పోతున్నవ్? నీ చెవెనుక పసుపు ఎక్కడిది? మనింట్ల నీకు పసుపు రాసెటోళ్లు ఎవలు లేరు. దండెం మీది నా పాత పసుపుపచ్చ చీర ఎవలికిచ్చినవ్? పక్కింటి మల్లమ్మ నిన్ను చూసి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతుంది. నాకు కండ్లు లేవనుకుంటున్నవా? రానీ, మా అమ్మ ముందటనే అడుగుత.

ఇంత రాసినంక తాళంచెవి కోసం వడ్ల గుమ్మి ఎనక చెయ్యి పెడితె, నా చీర గుడ్డతోని కుట్టిన పులితోక దొరికింది. దూది సరిగ్గ కూరలే, వంకర కుట్టినవ్. ఇప్పి మల్ల కుట్టి ఆడనే పెట్టిన. అమ్మకు ఈ ముచ్చట చెప్ప. పులి రాదని బిడ్డకు నువ్వు గూడ చెప్పకు.