నేను తప్పు తొక్కిన హద్దు

మహబూబాబాద్ జిల్లా, నర్సింహులపేట మండలం, బోడగుట్ట తండాలో ఉంటూ వ్యవసాయం చేసుకునే జాటోతు గోప్యా అనే నేను, వయసు డెబ్బై ఒకటి, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. నాకు షుగరు ఉంది. ఎడమ కంటికి చూపు తగ్గింది. మతి మాత్రం సరిగానే ఉంది. లేదని రేపు నా పెద్దకొడుకు అనవచ్చు కాబట్టి డాక్టరు రాసిచ్చిన కాగితం జతచేశాను. ఇది అమలయ్యేలా చూసే బాధ్యత రిటైరైన టీచరు తిరుపతి సారుకు అప్పగిస్తున్నాను.

1. ఇంట్లో కింది భాగం పెద్దకొడుకు బాల్‌సింగ్‌కు, పై భాగం చిన్నకొడుకు ప్రేమ్‌సింగ్‌కు. మెట్లు ఇద్దరివీ. మెట్ల మీద ఎరువు బస్తాలు పెట్టకూడదు.

2. నా కూతురు బుచ్చికి రోడ్డు పక్క ఎకరం. ఆడపిల్లకు భూమి ఎందుకని అడిగేవాళ్లకు జవాబు: నా కాలు విరిగినప్పుడు నాలుగు నెలలు నన్ను మోసింది ఆమె. వాళ్లమ్మ అద్దాల రవిక కూడా ఆమెకే. అది చిరిగి ఉంది, అయినా ఆమె అడిగింది.

3. కింది షరతు ప్రకారం పోయే పన్నెండు గుంటలు తీసేసి, మిగిలిన భూమి కొడుకులిద్దరికీ సమానం. బాల్‌సింగ్ సర్పంచ్ ఎన్నికల్లో నా ఫొటోతో, ‘మాట తప్పని గోప్యా కొడుకు’ అని ఫ్లెక్సీలు కట్టించాడు. నన్ను అడగలేదు. నేను చచ్చాక అలాంటిది ఒక్కటి కూడా కట్టకూడదు.

4. తూర్పు చెలకలో బావితో సహా పన్నెండు గుంటలు, నా చిన్నాయన కొడుకు, చనిపోయిన సోమ్లా భార్య రుక్కికి, ఆమె తర్వాత ఆమె కొడుకు దస్రుకు. ఇది దానం కాదు. అది వాళ్లదే.

5. అది నా చేతికి ఎట్లా వచ్చిందో రాయాలి. సోమ్లా చనిపోయిన ఏడాది పెద్దవానకు మా రెండు చెలకల నడిమి గట్టు కొట్టుకుపోయింది. బావి ఎవరి దిక్కు అనే తగువులో నేను కోపంతో నలుగురి ముందు నాదేనన్నాను. అన్నప్పుడు అది నిజమే అనుకున్నాను. కొలిచేవాడు వచ్చేదాకా ఎవరూ ఆగలేదు. మా దగ్గర హద్దు తెగకపోతే నమ్మకస్తుడు ఒకడు ప్రమాణం చేసి, తడిబట్టలతో, నెత్తిన ఆ భూమి మట్టిపెళ్ల పెట్టుకుని నడుస్తాడు. అతను తొక్కిందే హద్దు. తగువు నాతోనే అయినా రుక్కి అంది: “వేరేటోళ్లు ఎందుకు? బావనే తొక్కమను. ఆయన అబద్ధమాడడు.”

ఉత్తరం రాయి నుంచి నడిచాను. సగం దూరంలో కాలికి మోదుగు మొద్దు తగిలింది. ఆ చెట్టును సోమ్లా, నేను కలిసి కొట్టాం. అది గట్టు మీది చెట్టు. అంటే గట్టు అక్కడే, బావి అవతలి దిక్కు. అది నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆగాను. వెనక నుంచి ఎవరో, “ముల్లిరిగిందా కాకా? నడువు, నువ్వు మాట మీద నిలవడ్డోనివి” అన్నారు. బావిని ఇవతలికి ఉంచి నడిచాను.

మాట మీద నిలబడాలని మా నాయన నేర్పాడు. ఆ మాట తప్పైతే ఏం చేయాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ప్రమాణం తప్పితే ఇల్లు కూలుతుందంటారు. నా ఇంటికి పై అంతస్తు లేచింది. దాంతో జనానికి నమ్మకం ఇంకా పెరిగింది. నీళ్లు లేక రుక్కి చెలక రెండేళ్లకే పడావు పడింది. దస్రు చదువు మానేసి డోర్నకల్‌లో ఆటో తోలుతున్నాడు. రుక్కి వాడి దగ్గరే ఉంటుంది.

6. పోయిన దసరా తర్వాత నేను డోర్నకల్ పోయి ఆమెకు ఈ సంగతి చెప్పాను. ఆమె చాట పక్కన పెట్టలేదు. బియ్యం ఏరుతూనే ఇట్లా అంది:

“నాకు గా దినమే ఎర్కె బావా. మొద్దుకాడ ఆగినవ్. ఎనుకకు మర్లుతవని చూసిన.”

మరి అప్పుడే ఎందుకు అనలేదని అడిగాను.

“అంటే ఎవలింటుండె? గోప్యా అబద్ధం తొక్కిండంటే నన్నే పిచ్చిదనుకుందురు. నిన్ను తొక్కమన్నది గూడ నేనే నాయె. భూమి దస్రుకియ్యి, వానికి అక్కరొస్తది. నాకైతే మందిల చెప్పు. నా మొగడు బతికినన్నొద్దులు నీ బావినీళ్లు దొంగతనంగ తోడుకున్నడని గిన్నేండ్ల సంది అంటున్నరు.”

సోమ్లాను దొంగను చేశానని అప్పటిదాకా నాకు తట్టలేదు.

7. చెప్పడానికి మూడుసార్లు తండా నడిమికి పోయాను. పోయిన ప్రతిసారీ మంచం వేశారు, చాయ్ తెచ్చారు, ఏదో ఒక తగువు ముందు పెట్టి, “నువ్వు ఎట్లంటె గట్లనే కాకా” అన్నారు. తీర్పు చెప్పి ఇంటికి వచ్చాను. ఆ తీర్పులు సరైనవే. నా సంగతి మాత్రం నోటికి రాలేదు. బతికుండగా చెప్పలేక కాగితం మీద పెడుతున్నాను. ఇది మంచితనం కిందికి రాదు.

8. నా పదకొండో రోజున, తిండికి ముందు, తండా అంతా కూర్చున్నాక, 5, 6, 7 షరతులను బాల్‌సింగ్ తన నోటితో గట్టిగా చదవాలి. తిరుపతి సారు పక్కన నిలబడాలి. చదవకపోతే 1, 3 షరతుల్లో అతనికి రాసిన భాగం బుచ్చికి పోతుంది. రుక్కిని పిలిపించి ముందు వరుసలో మంచం మీద కూర్చోబెట్టాలి. చదవడం అయ్యాక ఆమె నన్ను ఏమన్నా, ఎంతసేపు అన్నా, నా పిల్లలు అడ్డు చెప్పకూడదు. ఏమీ అనకుండా లేచిపోతే ఆపకూడదు. క్షమించానని చెప్పమని ఆమెను ఎవరూ అడగకూడదు.

తేది: 11 ఫిబ్రవరి 2026, నర్సింహులపేట.

(సంతకం) జాటోతు గోప్యా

మా ఎదుట చదివి సంతకం చేశాడని సాక్షులు:
ఫకీర్ అహ్మద్, దర్జీ, నర్సింహులపేట
బానోతు రమేశ్, విత్తనాల దుకాణం, నర్సింహులపేట