దేవుడి గూట్లోని తాపీ

ఆదివారం రాత్రి, కామాటిపుర

మా అంతస్తుకు ఎక్కే మెట్లలో పై మెట్టు గోడ వైపు విరిగి చాలా కాలమైంది. నిన్న పక్కింటి నర్సవ్వ నీళ్ల బిందెతో అక్కడే జారి పడింది. సాయంత్రం మగవాళ్లమంతా గదుల ముందున్న గ్యాలరీ బల్ల మీద చేరి ఎప్పటిలాగే తిట్టుకున్నాం.

"ఇంటి మాలక్‌కు పట్టది, మున్సిపాల్టికి పట్టది. ఇగ మనమేం జేస్తం?" అన్నాడు రాజన్న. నేనూ తలూపాను.

లోపలికొస్తే అమ్మ అంది: "మీ తాత తాపీకి దసరా దసరాకు బొట్టు పెట్టుడేనా? ఆ మెట్టు గట్టరాదురా."

ఆ తాపీతో తాత ఈ ఊళ్లో ఎన్ని మేడలు కట్టాడో. ఇవాళ దాన్ని దేవుడి గూట్లోంచి తీసి, పసుపు కడిగి, సిమెంటు కలిపి మెట్టు కట్టాను. ఆరేదాకా ఎవరూ తొక్కకుండా గ్యాలరీ బల్లనే అడ్డం పెట్టాను. కూర్చునే చోటు లేక రాజన్న వాళ్లు నిలబడే తిట్టారు, ఈసారి నన్ను.

"నువ్వే జేస్తే ఇగ మాలక్ ఎందుకు జేస్తడు?"

అదీ నిజమేనేమో.

తాపీని మళ్లీ దేవుడి గూట్లో పెట్టబుద్ధి కాక తలుపు వెనక పెట్టాను. కింది అంతస్తులోనూ ఒక మెట్టు కదులుతోంది.