ఇంక నొక్కి చూడను!

జూలై 1, మంగళవారం. సాయంత్రం 6:30

జనవరిలో ఎవరో జరీ ఏజెంటు ఇచ్చిన డైరీ ఇది. ఆరు నెలలు బీరువాలో పడుంది. ఇవాళ దీనికి యోగం పట్టింది. కారణం: నేను చావడం లేదు!

విషయం మొదటి నుంచీ రాస్తాను. నా పేరు ముఖేష్, వయసు ఇరవై ఆరు. ధర్మవరంలో మా నాయనది పట్టుచీరల కొట్టు. నెల రోజులుగా ఎడమవైపు ఛాతీలో పోటు. సిగరెట్టు లేదు, మందు లేదు. ఫోన్లో వెతికితే మూడో లైనులోనే నన్ను పాడె ఎక్కించేశారు. ఇటు చూస్తే శ్రావణంలో పెళ్లి. పెళ్లికూతురు నాగజ్యోతి, గుంతకల్లు స్టేషన్లో టికెట్ కౌంటర్ ఉద్యోగం. ఆ పిల్లకు ఈ మాట చెప్పాలా వద్దా? చెబితే పెళ్లి ఉంటుందా? నెల రోజులుగా అన్నం కూడా సరిగ్గా దిగడం లేదు.

ఇవాళ ఇంట్లో అబద్ధం చెప్పి అనంతపురం వెళ్లి డాక్టర్ సునంద గారికి చూపించుకున్నాను. ఈసీజీ తీశారు, గుండె స్కానింగ్ చేశారు. అన్నీ బాగున్నాయి. తర్వాత ఆమె రొమ్ము ఎముక పక్కన ఒక్క వేలితో నొక్కింది. బల్ల మీద నుంచి ఎగిరిపడ్డాను.

"ఈడేనా?"

"ఈడే మేడం, ఈడే!"

"గుండెకు ఏం కాలేదప్పా. పక్కటెముక అతుక్కునే చోట వాచింది. ఏం పని చేస్తావు?"

చేసి చూపించాను. ఎడమచెయ్యి పరుపు మీద ఆనించి, ముందుకు వంగి, కుడిచేత్తో చీరను విసిరి పరవడం. రోజుకు రెండు వందల చీరలు. ఇప్పుడు ఆషాఢం డిస్కౌంటు, మూడు వందలు. ఆమె నవ్వింది. "ఇంతకంటే కారణం ఏం కావల్ల?" అంది.

ఆమె చెప్పినవి, మర్చిపోకముందే:

ఎడమచెయ్యి ఆనించొద్దు.
పడుకునే ముందు బజ్జీలు వద్దు. (పుల్లతేన్పులకూ ఛాతీలో మంట, పోటు వస్తాయట.)
ఫోన్లో వెతకొద్దు. భయానికి కూడా ఛాతీ పట్టేస్తుందట.
అసలు సంగతి: నొక్కి చూడొద్దు! నొక్కేకొద్దీ మానదట. మూడు వారాలు చెయ్యి పెట్టకూడదు.
పరుగెత్తినప్పుడు నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడినా, ఊపిరాడకపోయినా ఆలోచించకుండా ఆస్పత్రికి రావాలి.

"దినానికి ఎన్నిసార్లు నొక్కి చూస్తాండావు?" అని అడిగింది. ఐదారు అన్నాను. నలభై అని చెప్పడానికి నోరు రాలేదు.

శపథం: రేపటి నుంచి ఇరవై ఒక్క రోజులు నొక్కను. ఇరవై రెండో తేదీకి తగ్గిపోతుంది. ఇరవై ఐదు, శ్రావణ శుక్రవారం, నాగజ్యోతి వాళ్లు పెళ్లిబట్టలకు మా కొట్టుకే వస్తున్నారు. అప్పటికి నొప్పే ఉండదు కాబట్టి చెప్పాల్సిన పనే లేదు. ఎంత తెలివి నాది!

జూలై 2, బుధవారం. మొదటి రోజు

ఉదయం 7:00. నొక్కలేదు.
9:00. నొక్కలేదు.
11:30. నొక్కలేదు. అరె, ఇంత సులభమా!

వీపుకు దిండు పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాను. చీరలన్నీ తిప్పేస్వామి అన్న పరిచాడు. మా కొట్లో ముప్పై ఏళ్లుగా ఉన్న మనిషి.

"ఏమప్పా ముఖేషూ, పెండ్లికొడుకు మాదిరి కూర్చున్నావే?"

"పెండ్లికొడుకునే కదన్నా!"

నొక్కుళ్లు: 0. రాత్రి సంగటి, పప్పు. బజ్జీల బండి ముందు నుంచి తల తిప్పుకుని వచ్చేశాను. నన్ను చూసి నాకే గౌరవం కలిగింది.

జూలై 4, శుక్రవారం. మూడో రోజు

నొక్కుళ్లు: 1. చొక్కా గుండీ పెట్టుకుంటుంటే వేలు జారింది. లెక్కలోకి రాదు.

జూలై 6, ఆదివారం. ఐదో రోజు

అయిపోయింది. అమ్మ చొక్కాలు ఉతకడానికి తీసి జేబులో ఈసీజీ పట్టుకుంది.

మా అమ్మ లలితమ్మ ఏడిస్తే వీధి చివరి వరకు వినపడుతుంది. ఇవాళ మాత్రం తలుపు వేసి ఏడ్చింది. గుండె బాగానే ఉందని పదిసార్లు చెప్పాక కళ్లు తుడుచుకుని అసలు మాటకొచ్చింది.

"బాగుండాదన్నారు కదా, ఇంక నోరు మూసుకో. పెండ్లికొడుకు గుండె డాక్టరు దగ్గరికి పోయినాడని గుంతకల్లుకు తెలిస్తే ఏమనుకుంటారు? ఒక్క మాట బయటికి రాకూడదు!"

నాయన దగ్గరికొచ్చి, "యాడ?" అన్నాడు. చూపించాను. బొటనవేలితో గట్టిగా నొక్కాడు. కెవ్వుమన్నాను. తల ఊపి, నిజమే అన్నట్టు వెళ్లిపోయాడు. మధ్యాహ్నం మళ్లీ వచ్చి ఇంకోసారి నొక్కి చూశాడు!

నొక్కుళ్లు: 0. (నాయన నొక్కినవి నా ఖాతాలో రాయను. అన్యాయం.)

జూలై 9, బుధవారం. ఎనిమిదో రోజు

నొక్కుళ్లు: 11.

తప్పు నాది కాదని తేలింది. మా వ్యాపారానిది. నాకు ఐదేళ్లప్పుడు నాయన చెప్పిన మొదటి పాఠం: నేసినవాడు దేవుడి మీద ఒట్టు పెట్టినా సరే, జరీని రెండు వేళ్ల మధ్య నలిపి చూడందే సరుకు తీసుకోకు. పొద్దున చూసినదైనా సాయంత్రం మళ్లీ చూడు. ఇరవై ఏళ్లుగా అదే పని. కూరగాయలు నలిపి చూస్తాను, పెళ్లి కార్డు నలిపి చూశాను. అలాంటివాణ్ణి పట్టుకుని, నొప్పి ఉందో లేదో ముట్టుకోకుండా నమ్మమంటే ఎలా?

నిబంధన సవరించాను. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. పరీక్ష కోసం మాత్రమే.

జూలై 12, శనివారం. పదకొండో రోజు

రాత్రి 8:00. గాలి ఎట్లా కొడుతోందంటే కొట్టు ముందు డిస్కౌంటు బ్యానరు ఎగిరిపోయి బజ్జీల బండి మీద పడింది. తీసుకురావడానికి వెళ్లాను. మనిషన్నాక మర్యాద ఉండాలి. బండివాడికి నష్టం కదా. ఉగ్గాని ఒక ప్లేటు, మిరపకాయ బజ్జీలు ఆరు.

రాత్రి 9:15. ఛాతీలో నిప్పులు. ఇది ఎముక నొప్పి కాదు. ఇదే అసలుది!

9:20. ఫోన్లో ఒక్క నిమిషం చూస్తాను.

10:05. నాకు పన్నెండు రోగాలున్నాయి. వాటిలో రెండు ఆడవాళ్లకే వచ్చేవి.

10:10. అమ్మ మజ్జిగ ఇచ్చింది. పెద్ద తేన్పు. పదకొండు రోగాలు తగ్గాయి.

జూలై 15, మంగళవారం. పద్నాలుగో రోజు

నాగజ్యోతి ఫోన్ చేసింది. ఎప్పుడూ గలగల మాట్లాడే పిల్ల ఇవాళ ఊ, ఆ అంటోంది.

"ఏమైంది?" అన్నాను.

"ఏం లేదండి. మీతో ఒక మాట చెప్పల్ల. ఫోన్లో కాదు. బట్టలకు వస్తాం కదా, ఆ పొద్దు చెప్తా."

పెట్టేసింది. ఏం మాట? ఎవరు చెప్పారు? అమ్మ చెప్పే రకం కాదు. తిప్పేస్వామి అన్న చెప్పాడా? అనంతపురంలో ఎవరైనా చూశారా? ఈ పెళ్లి వద్దంటుందా? నిశ్చితార్థం నాడు కాఫీ నా చొక్కా మీద ఒలికితే తన చేతిరుమాలు ఇచ్చింది. ఇంటికొచ్చాక అది ఉతకలేదు, తిరిగి ఇవ్వలేదు. ఆ పిల్లంటే నాకు చాలా ఇష్టం. అది ఇవాళ బాగా తెలిసింది.

నొక్కుళ్లు: లెక్క తప్పింది.

జూలై 19, శనివారం. ఎన్నో రోజో తెలియదు

ముదిగుబ్బ నుంచి ఒక పెళ్లివాళ్లు. పద్దెనిమిది మంది. మూడు వందల చీరలు దింపించి రెండు కొన్నారు. ఎడమచెయ్యి ఆనించే కూర్చున్నాను, గోడకు ఆనుకుంటే వ్యాపారం జరగదు. పోటు మళ్లీ పెరిగింది. డాక్టరమ్మది తప్పు లేదు. నాదే. అయినా రాత్రి బజ్జీలు తిన్నాను. దుఃఖంలో ఉన్నవాడికి పథ్యం ఏమిటి?

జూలై 22, మంగళవారం. ఇరవై ఒకటో రోజు

శపథం పూర్తయ్యే రోజు. నొక్కుళ్లు: పొద్దున్నే తొమ్మిది. నొప్పి: అలాగే ఉంది.

శపథం పోతే పోయింది. ఇంకొకటి మాత్రం గట్టిగా అనుకున్నాను. శుక్రవారం నాగజ్యోతికి చెప్పేస్తాను. మడతలో చినుగు దాచి చీర అమ్మినవాణ్ణి మా నాయన గడప తొక్కనివ్వడు. నేను అదే పని చేసి తాళి ఎలా కట్టేది? అమ్మ తిడితే తిట్టనీ. ఆ పిల్ల వద్దంటే... వద్దంటే ఏడుస్తాను. అంతే.

జూలై 25, శుక్రవారం. సాయంత్రం 7:00

వరసగా రాస్తాను.

పదకొండుకు నాగజ్యోతి, వాళ్లమ్మ అక్కమ్మ గారు వచ్చారు. అరవై చీరలు పరిచాను. నాగజ్యోతి ఒక్కదాన్నీ సరిగ్గా చూడలేదు. పెద్దవాళ్లు కాఫీకి లోపలికి వెళ్లారు. తిప్పేస్వామి అన్న తెలివైనవాడు, తనూ లేచిపోయాడు.

గల్లాపెట్టె కింద నుంచి ఈసీజీ తీసి ఆమె ముందు పెట్టాను.

"నాకు రెండు నెల్ల నుంచి రొమ్ములో నొప్పి. గుండె బాగుండాదన్నారు, పక్కటెముక వాపంట. నీకు చెప్పకుండా పెండ్లి చేసుకునేదానికి మనసొప్పలేదు. నీ ఇష్టం." ఒకే ఊపిరిలో చెప్పేశాను.

ఆమె హ్యాండ్‌బ్యాగు తెరిచింది. ఉంగరం తిరిగి ఇచ్చేస్తుందనుకున్నాను. నాలుగు మడతల కాగితం తీసి నా కాగితం పక్కన పెట్టింది. ఈసీజీ! పేరు నాగజ్యోతి, వయసు 24.

"నేను చెప్పల్లనుకున్న మాట ఇదే" అంది. "కౌంటర్లో కూర్చుంటే ఉన్నట్టుండి రొమ్ము పట్టేస్తాండాది. ఊపిరి చాలదు. గుండె బాగుండాదంట, భయమంట. దేనికమ్మా భయం అని డాక్టరు అడిగినాడు. పెండ్లి అంటే అని చెప్పేదానికి సిగ్గయింది."

"పెండ్లి అంటేనా, నేనంటేనా?"

"మిమ్మల్ని చూసిందే మూడుసార్లు. భయపడేంత పరిచయం యాడుండాది?" నవ్వబోయి ఆగిపోయింది. "పెండ్లయినాక కొట్లో కూర్చుంటే చాలు, ఉద్యోగం ఎందుకు అన్యారు మీ అమ్మ. మూడేండ్లు చదివి తెచ్చుకున్నానండి. ఆ మాట విన్న పొద్దు నుంచే ఇది."

ఇన్నాళ్లూ నా నొప్పి ఒక్కటే లోకంలో ఉన్నట్టు తిరిగాను. సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది, నా మీదే.

అంతలో కాఫీలతో అమ్మా, అక్కమ్మ గారూ వచ్చేశారు, వెనకాలే నాయన. ఎర్రచీర మీద రెండు ఈసీజీలు పక్కపక్కన ఉన్నాయి.

"నా కొడుకుది బాగుండాది!" అంది అమ్మ.

"నా కూతురిదీ బాగుండాది!" అన్నారు అక్కమ్మ గారు.

ఇద్దరూ ఒకేసారి. ఆ తర్వాత ఇద్దరూ నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. అంటే అక్కడ కూడా దాచమనే చెప్పారన్నమాట!

లేచి నిలబడ్డాను. "అమ్మా, నాగజ్యోతి ఉద్యోగం మానదు. ధర్మవరానికి ట్రాన్స్‌ఫర్ అడుగుతుంది. వచ్చేదాకా రోజూ రైలుకు నేనే దింపుతా."

అమ్మ కాఫీ గ్లాసులు కింద పెట్టింది. నాయన వైపు చూసింది. నాయన పైకప్పు వైపు చూశాడు.

"నేను మానమన్యానా? కొట్లో కూడా కూర్చోవచ్చు అన్యా, అంతే" అంది అమ్మ. తర్వాత నాగజ్యోతి పక్కన కూలబడి ఆమె తల నిమిరింది. "ఆ మాటకేనా తల్లీ, ఇంత దూరం తెచ్చుకున్నావు? నోరు విడిచి ఒక్క మాట అడగకూడదా?"

నాగజ్యోతి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. కొట్లో అందరికీ వినపడింది. తర్వాత అప్పుడే చూసినట్టు చీరలన్నీ మళ్లీ మొదటి నుంచీ తీయించింది. అరవై కాదు, నూట నలభై!

జూలై 26, శనివారం. మొదటి రోజు. రాత్రి 8:00

కొత్త శపథం. ఈసారి ఇద్దరం. నేను నొక్కకూడదు, ఆమె ఫోన్లో రోగాలు వెతకకూడదు. అబద్ధం ఆడకూడదు.

ఇవాళ తిప్పేస్వామి అన్న నన్ను పరుపు మీద కూర్చోనివ్వలేదు, నిలబడి పరవడం నేర్పిస్తున్నాడు. బజ్జీలు లేవు.

ఇప్పుడే నాగజ్యోతి ఫోన్ చేసింది.

"ఈ పొద్దు నొప్పి ఎట్లుండాది?"

అడిగాక గుర్తొచ్చింది. పొద్దుటి నుంచీ దాని ఊసే లేదు! రెండు నెలల్లో మొదటిసారి!

"లేనట్టే ఉండాది" అన్నాను.

"లేనట్టే అంటే? సరిగ్గా చెప్పండి. ఉండాదా, లేదా?"

సరిగ్గా చెప్పాలంటే ఒకటే మార్గం. అబ్బా!

ఉంది.

"నొక్కినారు కదా?" అంది.

"ఒక్కసారి. నువ్వు?"

"కౌంటర్లో కాసేపు వెతికినా" అంది.

జూలై 27, ఆదివారం: మొదటి రోజు.