ఇంత చిన్న చెంచా

ఉదయగిరి,
శుక్రవారం.

చెల్లీ,

ఫోన్‌లో మాట్లాడితే కోడలు పావని వింటుందని ఉత్తరం రాస్తున్నాను.

పోయిన నెల మా ఇంటికొచ్చినప్పుడు, తలనొప్పికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుకోమని ఆక్యుప్రెషర్ నేర్పావు కదా. పొద్దంతా తలవంచి కొయ్య చెంచాలు చెక్కే నాకు అది బాగా పనిచేస్తోంది. మొన్న పావని తల పట్టుకుని కూర్చుంటే, నొక్కుదామని తన చెయ్యి అందుకున్నాను. చటుక్కున లాక్కుంది.

"నాకేమొద్దత్తా, అదే తగ్గిపోతాది" అంది.

ఏం మొండిపిల్ల అని విసుక్కున్నాను. తర్వాత నీ మాట గుర్తొచ్చింది. కడుపుతో ఉన్నవాళ్లకు అక్కడ నొక్కకూడదని చెప్పావు. అప్పుడు పావని కూడా మన పక్కనే ఉంది.

పోయినసారి ఊరంతా సంబరపడ్డాక మూడో నెలలో కడుపు పోయింది. అందుకే ఈసారి దాస్తున్నట్టుంది. తనే చెప్పేదాకా నేను అడగను, నువ్వూ అడగొద్దు. పొద్దున పూట వికారానికి ఎక్కడ నొక్కితే ఏ భయమూ ఉండదో మీ ఆత్మకూరు డాక్టరమ్మను అడిగి రాయి.

నిన్న నేను చెక్కుతున్నది చూసి పావని అడిగింది:

"ఇంత చిన్న చెంచా ఎవరికత్తా?"

"గిరాకీ ఉండాదిలే" అన్నాను.

పావని దాన్ని నా చేతిలోంచి తీసుకుని, "అంచు గరుకుగా ఉండాదత్తా" అంటూ తనే కూర్చుని నున్నగా రుద్దింది.

మీ అక్క