ఓబులేసు మోకాలు

ఆదివారం, ఆళ్లగడ్డ

ఏటా ఇద్దరం కలిసి అహోబిలంలో ఉగ్రస్తంభం కొండ ఎక్కేవాళ్లం. ఈసారి మోకాలు నొప్పి, రాలేనన్నాడు ఓబులేసు. పైనుంచి వాడికి ఫొటోలు తెచ్చి చూపిద్దామని నంద్యాల పోయి, కెమెరాల అంగడిలో ఆళ్లగడ్డ నుంచి వచ్చానని చెప్పి, జేబులో పట్టే తేలికైన కెమెరా, పాతదైనా సరే చూపమన్నాను.

"ఇది తీసుకోన్నా. మీ ఊరి ఓబులేసన్న ఇట్లాంటిదే కొనుక్కపాయె. పోయిన వారం నలుగురు కలిసి ఉగ్రస్తంభం ఎక్కిరంట" అని అంగడాయన ఫోన్‌లో ఫొటో చూపించాడు. అందులో ఓబులేసు కొండ కొసన నిలబడి నవ్వుతున్నాడు.

కొనకుండా వచ్చేశాను. ఆళ్లగడ్డ బస్టాండులో వాడే ఎదురొచ్చాడు.

"ఏమప్పా, దొరికిందా కెమెరా?"

"లేదు. మోకాలు ఎట్లుండాది?"

"యాడ తగ్గుతాదప్పా."

కుంటుతూ టీ అంగడి దాకా నడిచాడు. నాతో విసుగు పుట్టిందని ఒక్క మాట చెప్పి ఉంటే... వాడు పడిపోకుండా చెయ్యి పట్టుకుని నడిచాను.