కత్తులు ఎందుకు దాచానంటే

గోదావరిఖని,
బుధవారం.

ప్రియమైన హన్నాకు,

ప్రభువు పేరిట నీకూ, అత్తయ్యకూ, మామయ్యకూ వందనాలు. ఇక్కడ అందరం క్షేమమని రాయడం అలవాటు కాబట్టి రాస్తున్నాను. అమ్మ మటుకు నిజంగానే క్షేమం. మోకాళ్లకు కంపెనీ దవాఖానలో ఇచ్చిన మాత్రలు పనిచేస్తున్నాయి. మొన్న ఆదివారం చర్చికి ఆటో ఎక్కకుండా నడిచే వెళ్లింది.

నీ ఉత్తరం సోమవారం అందింది. ఫోన్ ఎత్తని మనిషికి ఉత్తరం రాయక ఏం చేస్తానని అన్నావు. నువ్వు ఫోన్ చేస్తే వెనక పాప గొంతు వినబడుతుంది హన్నా. అది తట్టుకోలేక ఎత్తడం మానేశాను.

అన్నం తింటున్నావా అని అడిగావు. అమ్మ ఊరుకోదు కాబట్టి తింటున్నాను. రెండో షిఫ్టు ఎందుకు అడిగి వేయించుకున్నావని అడిగావు. పాప మెలకువగా ఉండే సాయంత్రాలు నేను ఇంట్లో ఉండకూడదని. వంటింట్లో కత్తులు ఏమయ్యాయని అడిగావు. ఎవరో ఎత్తుకుపోయారని అప్పుడు అబద్ధం చెప్పాను. నేనే వాటిని పాత గుడ్డలో చుట్టి అటక మీది ఇనప పెట్టెలో దాచి, తాళంచెవి గనిలో నాతో పనిచేసే సదయ్య చేతిలో పెట్టాను.

చివరికి ఇట్లా రాశావు: "ఆడపిల్ల పుట్టిందనా నీకు గింత కోపం? బిడ్డను ఒక్కనాడన్న సక్కగ ఎత్తుకున్నవా?" ఆ మాట రెండు రోజులుగా మళ్లీ మళ్లీ చదువుతున్నాను. కోపం కాదు హన్నా. ఏమిటో ఈసారి చెబుతాను. చదివాక నా మొహం చూడనంటే నిన్ను తప్పుపట్టను.

జెమీమాకు నలభై రోజులు నిండిన వారం గుర్తుందా? నేను ఉల్లిగడ్డలు కోస్తున్నాను. స్నానానికి వేడినీళ్లు తెస్తానని పాపను నా ఒడిలో పెట్టి వెళ్లావు. పాప నా వేలు పట్టుకుంది. పక్కనే కత్తి ఉంది. ఈ కత్తితో పాపను పొడిస్తే, అని ఒక ఆలోచన వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. పాపను కింద బండల మీద పెట్టి బయటికి పరుగెత్తాను. నువ్వు వచ్చేసరికి పాప వట్టి నేల మీద ఏడుస్తోంది. నువ్వు తిట్టావు. నేను కత్తులు దాచి, రెండో షిఫ్టు వేయించుకొని కొన్నాళ్లు చూశాను. భయం తగ్గక, "పిల్లను తీస్కొని మందమర్రి మీ అమ్మోళ్లింటికి పో" అన్నాను. నన్ను నా నుంచి దూరం పెట్టలేక మిమ్మల్ని పంపించాను.

మీరు వెళ్లినా అది పోలేదు. పాప ఫొటో చూస్తే వచ్చేది. బైబిల్ వాక్యం చదువుతుంటే వచ్చేది. పాస్టరుగారితో అదేమిటో చెప్పకుండా, చెడ్డ ఆలోచనలని మాత్రం చెప్పి మూడు రోజులు ఉపవాసం ఉన్నాను. ప్రార్థన చేసినంతసేపూ అదీ వచ్చి నా పక్కనే కూర్చుంది. ఇట్లాంటిది మనసులోకి వచ్చినవాడు మనిషేనా అనుకున్నాను. నేను లేకపోతే పాపకు ఏ భయమూ ఉండదని కూడా అనిపించింది. ఆ రోజు షిఫ్టు దిగాక సదయ్య దగ్గర ఏడ్చి అంతా చెప్పేశాను. అతను నా చెయ్యి వదలలేదు.

"అన్న, మా తమ్మునికి చేతులు కడుగుడు రోగం ఉండె. కరీంనగర్ల మనసు డాక్టరమ్మ దగ్గరికి తీస్కపోతే మనిషైండు. రేపు డ్యూటీ బంద్ పెట్టు, నేనూ వస్త" అన్నాడు.

విన్నాక ఆ డాక్టరమ్మ పోలీసులను పిలుస్తుందనుకున్నాను. ఆమె నింపాదిగా అడిగింది.

"ఆ ఆలోచన వచ్చినప్పుడు నీకెట్లుంటది?"

"పానం పోయినట్లుంటదమ్మా."

"ఇన్ని నెలల్ల బిడ్డకు ఏమన్న చేసినవా?"

"ముట్టుకోనే లేదమ్మా."

"చూడు శాంతిరాజ్, ఇసొంటి ఆలోచనలు అందరికీ వస్తయి, పోతయి. నీ మనసు దాన్ని పట్టుకొని ఇడుస్తలేదు. దీన్ని ఓసీడీ అంటరు. కొందరు చేతులు కడుగుతరు, కొందరు తాళం చూసిందే చూస్తరు. నువ్వు కత్తులు దాస్తున్నవ్. ఇది నీ కోరిక కాదు, నీ భయం. దాచినకొద్దీ అది బలుస్తది."

మందు రాసింది. పని చేయడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుందంది. లేకుండా పోవాలనిపిస్తే ఆ క్షణమే అమ్మకో సదయ్యకో చెప్పమని మాట తీసుకుంది. కత్తి మళ్లీ బయటికి తీయమంది. రోజూ అరగంట పాప ఫొటో ముందు కత్తి పట్టుకొని కూర్చోవాలి. ఆలోచన వస్తే తరమకూడదు, రానివ్వాలి. మొదటి రోజు కక్కుకున్నాను. "అమ్మా, నేను చెడ్డోణ్నా?" అని రోజంతా అడుగుతుండేవాణ్ని. ధైర్యం చెప్పినకొద్దీ భయం ఇంకా అడిగిస్తుందని, జవాబు చెప్పొద్దని అమ్మకూ చెప్పింది డాక్టరమ్మ. ఇప్పుడు అడిగితే అమ్మ, "చెప్పొద్దన్నది బిడ్డా" అని కొంగుతో కళ్లు తుడుచుకుంటూ లోపలికి పోతుంది.

ఆరో వారం నడుస్తోంది. తగ్గిపోయిందని రాయలేను. నిన్న కూరగాయలు నేనే కోశాను. ఆలోచన వచ్చింది. కాసేపటికి పోయింది. మళ్లీ వచ్చింది.

ఇంకో సంగతి దాచాను. పోయిన శనివారం మందమర్రి వచ్చాను. మీ క్వార్టర్ల మలుపు దగ్గర నిలబడ్డాను. నువ్వు పాపను చంకనెత్తుకొని తీగ మీది బట్టలు తీస్తున్నావు. పాప నీ జుట్టు పట్టి లాగి నవ్వింది. కూర్చోవడం వచ్చిందా హన్నా? పళ్లు వచ్చాయా? నాకు ఏమీ తెలియదు. ఇరవై అడుగులు నడవలేక తిరుగు బస్సెక్కాను.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మళ్లీ వస్తాను. డాక్టరమ్మ నంబరు వెనక రాశాను, ముందే ఆమెతో మాట్లాడు. భయమేస్తే తలుపు తీయకు, అరుగు మీద కూర్చుని వెళ్తాను. తీస్తే మటుకు, పాపను నా చేతుల్లో పెట్టు. నేను వద్దంటాను, వెనక్కి జరుగుతాను. అయినా పెట్టు. ఏం కాదని మాత్రం నాకు చెప్పకు. ఎంత అడిగినా చెప్పకు. పక్కన కూర్చో, చాలు.

ఇట్లు,
మీ ఇద్దరి కోసం బయల్దేరుతున్న
జెమీమా నాన్న,
శాంతిరాజ్